మిర్చి యార్డు గుమస్తా గారి కళ్లమంట: రెప్పల అంచులు శుభ్రం చేసిన ఒక డ్రై ఐ కేసు

గుంటూరులో కళ్ల డాక్టరుగా ఉంటే ఒక సుఖం ఉంది. కళ్లు మండుతున్నాయని ఎవరొచ్చినా కారణం కూడా వాళ్లే వెంట తెచ్చుకుంటారు: మిర్చి. యార్డులో పనిచేసేవాళ్లకు మిర్చి, యార్డు దగ్గర ఇల్లున్నవాళ్లకు మిర్చి, కోల్డ్ స్టోరేజీల ముందు నుంచి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాళ్లకూ మిర్చే. తలూపి, చుక్కలమందు రాసి, కళ్లజోడు పెట్టుకోమని పంపేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ కేసులో మొదటిసారి నేను చేసింది కూడా అదే. దానివల్ల మూడు నెలలు పోయాయి. అందుకే నా పొరపాటుతో సహా మొదటి నుంచీ రాస్తున్నాను. పేషెంటు ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు, కాబట్టి గుమస్తా గారు అనే అంటాను.

వయసు 54. యార్డులో ఒక కమిషన్ కొట్టులో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నారు. పొద్దున సరుకు దిగేటప్పుడు టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడటం, మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ముందు కూర్చోవడం. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో ఓ మాదిరిగా అదుపులో ఉంది. నాలుగేళ్లుగా రెండు కళ్లూ మంట, గరగర, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి మూలల్లో పుసి, సాయంత్రానికి అక్షరాలు మసకబారడం, బండి మీద గాలి తగిలితే ధారగా నీళ్లు. "కళ్లు పొడిబారాయంటన్నారు, నీళ్లేమో కారతన్నాయి, ఇదేం పొడి డాక్టరమ్మా?" అని మొదటి రోజే అడిగారు. న్యాయమైన ప్రశ్న. చాలామంది డ్రై ఐ పేషెంట్లు అక్కడే నమ్మకం పోగొట్టుకుంటారు. కన్నీటి పొర నిలవక కంటి ఉపరితలం ఎండిపోతే, మంటకి మెదడు స్పందించి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది, ఆ నీళ్లు చెంప మీదికి జారిపోతాయి తప్ప కంటి మీద నిలవవు. ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చే నీళ్లూ ఇవే.

వచ్చేటప్పుడు ఒక క్యారీబ్యాగ్ నిండా పాత మందులు తెచ్చారు. బల్ల మీద పరిచి చూస్తే పదకొండు సీసాలు. అందులో మూడిటి పేర్లు వేరు, లోపలున్నది మాత్రం ఒకటే, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం, అంటే మనం మామూలుగా రాసే కృత్రిమ కన్నీళ్లు. ఒకటి ఎర్రదనం తగ్గించే చుక్కలు. ఇవి రక్తనాళాల్ని కాసేపు ముడుచుకుపోయేలా చేస్తాయి, మందు దిగాక కన్ను ఇంకా ఎర్రబడుతుంది, మళ్లీ వేసుకుంటాం, అలా ఆ సీసా మన జేబులో కాపురం పెడుతుంది. ఇంకొకటి స్టెరాయిడ్. ఎప్పుడో ఒక చోట రెండు వారాలకని రాసిచ్చినది, వేసుకుంటే హాయిగా ఉందని ఏడాదిన్నరగా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటూనే ఉన్నారు. అది చూడగానే నాకు టెన్షన్ వచ్చింది, స్టెరాయిడ్ అన్నాళ్లు వేస్తే కంటి ప్రెజర్ పెరగొచ్చు, శుక్లాలు రావొచ్చు. కంటి ప్రెజర్ కొలిస్తే కుడి 16, ఎడమ 17. శుక్లాలు కొద్దిగా మొదలయ్యాయి గానీ ప్రెజర్ పెరగకపోవడం ఆయన అదృష్టం. ఇవి కాక కళ్లజోడు రెండుసార్లు మార్చారు, వాళ్ల అత్తగారు చెప్పారని రాత్రిపూట నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టుకున్నారు. పూల వల్ల నష్టమేం లేదు, చల్లగా ఉంటాయి, ఆ పదకొండు సీసాల్లో కొన్నిటికంటే నయం.

ఇక నా పొరపాటు. ఫిబ్రవరి, యార్డుకి కొత్త పంట వచ్చే రోజులు, బయట బెంచీల మీద జనం. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) దగ్గర కూర్చోబెట్టి నేరుగా చూశాను. తెల్లగుడ్డు కొద్దిగా ఎర్రగా ఉంది. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి కాంతిలో చూస్తే నల్లగుడ్డు కింది మూడో వంతులో సూదితో పొడిచినట్టు ఆకుపచ్చ చుక్కలు, అంటే పై పొర దెబ్బతిన్న చోట్లు. రెప్ప కొట్టాక కన్నీటి పొర ఎంతసేపు చెదరకుండా నిలుస్తుందో లెక్కపెడితే కుడికంట్లో 3 సెకన్లు, ఎడమలో 4. పది సెకన్లకు తగ్గితే తేడా ఉన్నట్టే. డ్రై ఐ అని తేలిపోయింది కదా, స్టెరాయిడ్, ఎర్రదనం చుక్కలు రెండూ ఆపించి, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రాసి, యార్డులో పక్కలు మూసుకునే కళ్లద్దాలు పెట్టుకోమని చెప్పి, నెల తర్వాత రమ్మన్నాను. రెప్పల్ని చూడలేదు. చూశాననే అనుకున్నాను, నేరుగా చూస్తున్న మనిషి పై రెప్ప వెంట్రుకలు ముందుకి వంగి ఉంటాయి, వాటి మొదళ్లు మనకి కనపడవు. కిందికి చూడండి అనాలి. ఆ రెండు మాటలు నేను అనలేదు.

సీజన్ హడావిడిలో ఆయన నెలకి రాలేదు, మే నెలాఖరులో వచ్చారు. కుర్చీలో కూర్చుంటూనే ఒక మాటన్నారు: "యార్డుకు సెలవులమ్మా. పది రోజులైంది మిర్చి మొహం చూసి. మంట మాత్రం అట్టానే ఉంది."

గుంటూరు యార్డుకి ఏటా ఎండాకాలంలో సెలవులుంటాయి, క్రయవిక్రయాలు ఆగిపోతాయి. అంటే ఆయనకి తెలియకుండానే ఆయన మీద ఒక పరీక్ష జరిగిపోయింది. అప్పుడు అడగాల్సినవి అడిగాను. మంట ఎప్పుడు ఎక్కువ? పొద్దున లేవగానే. ఆదివారాలు? అంతే. పోయినేడాది సెలవుల్లో? గుర్తు తెచ్చుకుని, అప్పుడూ అంతే అన్నారు, తిరుపతి వెళ్లినప్పుడు కొండ మీద కూడా కళ్లు నులుముకుంటూనే ఉన్నానన్నారు.

మిర్చి మంట నడిచే పద్ధతి వేరు. మిర్చిలో ఘాటునిచ్చే కాప్సైసిన్ తగిలితే నరాల మీదున్న ఒక గ్రాహకం, అసలైతే వేడిని పసిగట్టాల్సింది, నిప్పు తగిలిందని కబురు పంపేస్తుంది. దాన్ని కాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, మన సరుకుకి అంత గౌరవం మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఆ మంట తగలగానే వస్తుంది, కడుక్కుని దూరంగా వెళ్తే కాసేపట్లో దిగుతుంది. రాత్రంతా ఇంట్లో పడుకుని లేచిన మనిషికి తెల్లారి ఎక్కువ ఉండదు. కళ్లు మూసుకుని ఉన్న ఆరేడు గంటల్లో కంటికి ఆనుకుని ఉన్నది రెప్ప ఒక్కటే, కాబట్టి లేవగానే మంట, పుసి అంటే ముందు అనుమానించాల్సింది రెప్పనే. కన్నీరు తక్కువై వచ్చే పొడి, స్క్రీన్ చూసి చూసి వచ్చే పొడి సాధారణంగా సాయంత్రానికి ముదురుతాయి. ఆయనకి సాయంత్రం మసక కూడా ఉంది, కాబట్టి రెండూ కలిసి ఉన్నాయన్నమాట.

కిందికి చూడమన్నాను. చూడగానే నా మీద నాకే కోపం వచ్చింది.

పై రెప్ప వెంట్రుకల్లో సగానికి పైగా ప్రతి దాని మొదట్లో ఒక పారదర్శకమైన మైనపు గొట్టం, వెంట్రుకని చుట్టి పట్టుకున్నట్టు. ఫోన్‌తో ఫొటో తీసి ఆయనకే చూపించాను. దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇవేందమ్మా, కాయ తొడిమ దగ్గర టోపీల్లాగ" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. మిరపకాయకి తొడిమ మొదట్లో ఆకుపచ్చటి మూకుడు ఉంటుందే, అచ్చం అలా. వీటిని కాలరెట్స్ అంటాం. తలలో చుండ్రులా పొరలు పొరలుగా రాలేది వేరు, వెంట్రుక చుట్టూ ఇలా గొట్టంలా ఉంటే అది డెమోడెక్స్ అనే పురుగు ఉందని చెప్పడానికి దాదాపు సాక్ష్యమే. నాలుగు వెంట్రుకలు పీకి స్లైడు మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కదాని మొదట్లోనే మూడు కదులుతూ కనిపించాయి. ఎనిమిది కాళ్లు, పొడవు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, వెలుతురంటే పడదు, రాత్రి పూట బయటికొచ్చి తిరుగుతుంది. పేషెంటుకి ఈ మాట చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలి. పురుగులున్నాయి అనగానే ఆయన మొహం మారిపోయింది, ఇంట్లో మనవరాలు పక్కలోనే పడుకుంటుందని భయపడ్డారు. వయసు పైబడినవాళ్లలో చాలామంది రెప్పల్లో ఇవి ఉంటాయి, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు, మురికిగా ఉన్నందుకు పట్టేవి కావు, సంఖ్య పెరిగితేనే ఇబ్బంది అని నెమ్మదిగా చెప్పాను. షుగరు ఉన్నవాళ్లలో పెరగడం కాస్త ఎక్కువ. తువ్వాలు, దిండు గలీబు మాత్రం విడిగా పెట్టుకోమన్నాను.

అదే రోజు మిగతా లెక్కలు కూడా తీశాను. కన్నీరు ఎంత ఊరుతుందో కొలవడానికి కింది రెప్పలో పెట్టే షిర్మర్ కాగితం ఐదు నిమిషాలకి కుడికంట్లో 14, ఎడమలో 12 మిల్లీమీటర్లు తడిసింది, అంటే నీటికి కొదవ లేదు. డ్రై ఐ బాధ ఎంతుందో కొలిచే పన్నెండు ప్రశ్నల ఓఎస్‌డీఐ పట్టికలో 100కి 58 వచ్చింది, 33 దాటితేనే తీవ్రం. తర్వాత కింది రెప్పని మెల్లగా నొక్కి నూనె గ్రంథులు చూశాను. వీటిని 1666లో వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరుతోనే మైబోమియన్ గ్రంథులంటాం. కింది రెప్పలో ఇరవై నుంచి ముప్పై దాకా, పైదాంట్లో ఇంకా ఎక్కువ ఉంటాయి. రెప్ప కొట్టినప్పుడల్లా సన్నటి నూనె వదిలి, కన్నీటి మీద పొరలా పరుస్తాయి, ఆ పొర ఉంటేనే నీరు ఆవిరి కాకుండా ఆగుతుంది. ఆయన రెప్పని నేను నొక్కిన మేర దాదాపు పదిహేను గ్రంథులుంటే, కుడివైపు మూడు, ఎడమవైపు నాలుగు మాత్రమే పలచటి నూనె వదిలాయి. కొన్నిటి నుంచి టూత్‌పేస్టులా తెల్లగా వచ్చింది, మిగిలినవాటి నుంచి ఏమీ లేదు.

ఆయనకి కొబ్బరినూనెతో చెప్పాను. పుష్యమాసం చలిలో సీసాలో నూనె గడ్డకడితే మనం సీసాని ఎండలో పెడతాం. మీ రెప్పల్లో నూనె గడ్డకట్టింది, పైగా సీసా మూతి మీద మైనం పేరుకుంది. నాలుగేళ్లుగా అందరం కలిసి కంట్లో నీళ్లు పోస్తున్నాం, నూనె సంగతి ఎవరం చూడలేదు. గ్రంథుల మూతులు పూడుకుపోయి నూనె సరిగ్గా రాకపోవడానికి ఇప్పుడు వాడే పేరు, మైబోమియన్ గ్లాండ్ డిస్‌ఫంక్షన్, 1980లో అమెరికాలో డొనాల్డ్ కార్బ్ వాళ్లు పెట్టారు, కొత్త విషయమేం కాదు. డ్రై ఐలో ఎక్కువ కేసుల్లో ఎంతో కొంత పాత్ర దీనిదే, నీరు నిజంగా తక్కువైన కేసులే తక్కువ.

ఆయన రెప్పల్ని క్లినిక్‌లోనే శుభ్రం చేద్దామనుకున్నాను. ఇంటి దగ్గర రెప్పలు కడుక్కోమని చెప్పి చూడొచ్చు కదా, క్లినిక్‌లో మెషీన్‌తో ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. మామూలు పొట్టు, జిడ్డు అయితే నేనూ అదే చెప్తాను, నెలరోజులు బుద్ధిగా చేస్తే చాలామందికి సరిపోతుంది. ఈయనకి చాలదని ఎందుకనుకున్నానంటే, దూదితో ఒకసారి రుద్ది చూశాను, ఆ గొట్టాలు కదల్లేదు. రెప్ప అంచు మీద బాక్టీరియా తన చుట్టూ తనే ఒక జిగురు పొర కట్టుకుంటుంది, బయోఫిల్మ్ అంటాం. పళ్ల మీద గార లాంటిది. రోజూ బ్రష్ చేసేవాళ్లు కూడా ఎప్పుడో ఒకసారి డెంటిస్ట్ దగ్గర గార తీయించుకుంటారు కదా, లెక్క అదే. ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది జేమ్స్ రైనర్సన్, హెన్రీ పెరీ అనే అమెరికన్ డాక్టర్లు, 2016లో వచ్చిన పేపర్లో. రెప్పల జబ్బు, డ్రై ఐ రెండూ ఆ పొరతోనే మొదలయ్యే ఒకే జబ్బు అంటారు వాళ్లు. తిరిగే స్పాంజితో రెప్పలు శుభ్రం చేసే బ్లెఫెక్స్ పరికరాన్ని తయారుచేసింది కూడా ఆ రైనర్సనే, కాబట్టి ఆయన మాటని కాస్త ఆచితూచి తీసుకోవాలి. డ్రై ఐ అంతా రెప్పల నుంచే వస్తుందంటే నేనొప్పుకోను, కీళ్లవాతంతో వచ్చే పొడికళ్లు రోజూ చూస్తున్నాను. ఈయన విషయంలో మాత్రం జబ్బు రెప్ప అంచు మీద కళ్లెదుటే ఉంది.

జూన్ మొదటి వారంలో మొదటిసారి చేశాం. మా దగ్గరున్నది ఆ తరహా పరికరమే, లావుపాటి పెన్నులా చేతిలో పట్టుకునేది, కొనకి బఠాణీ గింజంత మెత్తటి స్పాంజి, నిమిషానికి రెండు వేల చిల్లర సార్లు తిరుగుతుంది. ముందు మత్తు చుక్కలు రెండేసి వేశాను, అవి వేసిన క్షణం చురుక్కుమంటాయి, తర్వాత కంటికి ఏమీ తెలియదు. స్పాంజిని రెప్పలు కడిగే ద్రావణంలో ముంచి, ఆయన్ని పైకి చూడమని కింది రెప్పతో మొదలుపెట్టాను. అంచు వెంట ముక్కు వైపు నుంచి చెవి వైపుకి, మళ్లీ వెనక్కి, నొక్కకుండా ఆనించి మాత్రమే తీసుకెళ్లాలి. నొక్కితే స్పాంజి ఆగిపోతుంది, తిప్పలు పెట్టేది పరికరం కాదు, మన చెయ్యి. పై రెప్పకి కిందికి చూడమని, రెప్పని వేలితో కాస్త ఎత్తిపట్టి, వెంట్రుకల మొదళ్ల మీద ఎక్కువసేపు ఉన్నాను. ఒక్కో రెప్పకీ కొత్త స్పాంజి, మొత్తం నాలుగు. ఒక రెప్ప మీది చెత్తని ఇంకో దానికి అంటించకూడదు కాబట్టి ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

నొప్పి లేదు గానీ చక్కిలిగింతలు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, నవ్వాపుకోలేక, "తుమ్మొస్తందమ్మా, ఆపండి" అని రెండుసార్లు ఆపించారు. పది నిమిషాల పని పావుగంట పట్టింది. అయ్యాక నాలుగు స్పాంజిల్నీ తెల్ల గాజుగుడ్డ మీద వరసగా పెట్టి చూపించాను. కింది రెప్పలవి కాస్త పసుపు. పై రెప్పల రెండూ బూడిద రంగు, మీద గోధుమ పొట్టు లాంటి తుక్కు, కుడిదానికి రెండు వెంట్రుకలు. ఆయన చాలాసేపు చూశారు. ఇంటిదాన్ని లోపలికి పిలవమన్నారు. ఆవిడ చూసి, ఇన్నాళ్లూ ఇది కళ్లల్లో పెట్టుకుని తిరిగారా అని ఆయన్నే కోప్పడ్డారు. పాపం, ఆయన తప్పేముంది.

సెలైన్‌తో కడిగి, వేడి కాపడం పది నిమిషాలు పెట్టించి, గ్రంథుల్ని నొక్కి తీశాను. ఇది నిజంగా నొప్పి, నవ్వు అక్కడ ఆగిపోయింది. మూతుల మీద మైనం తీయకుండా నొక్కితే నూనె రాదు, మైనం తీసి లోపల గడ్డని కరిగించకపోయినా రాదు, అందుకని నా వరకు శుభ్రం చేయడం, కాపడం, నొక్కడం మూడూ ఒకే పూట. స్పాంజి తిప్పేసి పంపిస్తే సగం పనే.

ఇంటికి చెప్పినవి: రోజూ రాత్రి గోరువెచ్చటి కాపడం పది నిమిషాలు. తడిగుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ వేడినీళ్లలో ముంచాలి, లేదా వేడి నిలిచే ఐ మాస్క్ కొనుక్కోవాలి. తర్వాత టీ ట్రీ లోని టెర్పినెన్-4-ఓల్ ఉన్న రెప్పల వైప్స్‌తో తుడుచుకోవడం. ఒకప్పుడు నీళ్లు కలిపిన బేబీ షాంపూ చెప్పేదాన్ని, మానేశాను. జిడ్డు వదిలించే సబ్బు అది, మనకి కావాల్సిన నూనెని కూడా కడిగేస్తుంది. కన్నీటి చుక్కలు రోజుకి నాలుగుసార్లు కొనసాగించాం. కంప్యూటర్ ముందు రెప్ప కొట్టడం మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల నుంచి సగానికి పడిపోతుంది, కాబట్టి పేజీ లెక్క అయినప్పుడల్లా కళ్లు పూర్తిగా మూసి తెరవమన్నాను.

ఐదో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. వాళ్లబ్బాయి. "మేడమ్, నాన్నగారు కన్ను తెరవలేకపోతున్నారు." విషయమేంటంటే, వైప్స్ ఖరీదెక్కువని, టీ ట్రీ అనే మాట పట్టుకుని ఆ కుర్రాడు ఆన్‌లైన్‌లో టీ ట్రీ నూనె సీసా తెప్పించాడు, మొహానికి రాసుకునే అచ్చమైన నూనె. దాన్ని దూదితో రెప్ప అంచుకి పూశారు. పావుగంట ధారగా నీళ్లతో కడగమని చెప్పి, వెంటనే తీసుకురమ్మన్నాను. నల్లగుడ్డు పై పొర కింది భాగంలో కొంత లేచిపోయింది. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌తో మూడు రోజుల్లో మానింది, కానీ ఆ రెండు రాత్రులు ఆయన నిద్రపోలేదు. తప్పు వాళ్లది అనడానికి నాకు నోరు రాలేదు. టీ ట్రీ అన్నాను గానీ, అచ్చం నూనె కంటికి విషమని చెప్పలేదు. ఇప్పుడు చీటీ మీద ఎర్ర పెన్నుతో రాస్తున్నాను: నూనె కొనవద్దు. వైప్స్ కొనలేకపోతే ఆ విషయం నాకు చెప్పండి, ఇంకేదైనా చూద్దాం. క్లినిక్‌లో డాక్టర్లు పలచన చేసి, కంటికి తగలకుండా వాడే సందర్భాలు వేరు.

నాలుగు వారాలకి వచ్చినప్పుడు కన్నీటి పొర నిలిచే సమయం కుడి 6, ఎడమ 7 సెకన్లు. ఓఎస్‌డీఐ 30. పొద్దున పుసి పోయింది, లేవగానే మంట దాదాపు లేదు, సాయంత్రం మసక మాత్రం ఉంది. పై రెప్పల మీద కొత్త టోపీలు అక్కడక్కడా కనిపించాయి. డెమోడెక్స్ గుడ్డు నుంచి పెద్దదై చనిపోయేదాకా రెండు మూడు వారాలు, మొదటిసారి తప్పించుకున్న గుడ్లు ఈపాటికి పెద్దవవుతాయి, కాబట్టి రెండోసారి శుభ్రం చేశాను. ఈసారి స్పాంజిలు చాలావరకు తెల్లగానే ఉన్నాయి, చక్కిలిగింతలు మాత్రం తగ్గలేదు. ఈ పురుగుల కోసమే లోటిలానర్ అనే చుక్కలమందుకి అమెరికాలో 2023 జులైలో అనుమతి వచ్చింది, రోజుకి రెండుసార్లు ఆరు వారాలు వేయాలి. నేను వాడి చూడలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

పన్నెండు వారాలకి, ఆగస్టు నెలాఖరులో, 9, 8 సెకన్లు. నల్లగుడ్డు మీద ఆకుపచ్చ చుక్కలు కుడికంట్లో లేవు, ఎడమలో నాలుగైదు. పలచటి నూనె వదిలే గ్రంథులు మూడు నుంచి ఏడుకి, నాలుగు నుంచి ఆరుకి పెరిగాయి. ఓఎస్‌డీఐ 16. చుక్కలు రోజుకి రెండుసార్లకి తగ్గించారు, కొన్ని రోజులు మర్చిపోతున్నానన్నారు. మర్చిపోవడమే నాకు కావాల్సింది, మంట ఉన్నవాడు మందు మర్చిపోడు. ఖర్చు కూడా అడిగారు కాబట్టి లెక్కేశాం. రెండుసార్లు శుభ్రం చేయించుకోవడానికి అయినది, ఆ పదకొండు సీసాలకీ, రెండు కళ్లజోళ్లకీ కలిపి పెట్టినదానికంటే తక్కువే.

ఇక్కడితో ఆపితే మంచి కేసులా కనిపిస్తుంది. డిసెంబరులో మళ్లీ వచ్చారు, 5 సెకన్లు, టోపీలు మళ్లీ. బాగుంది కదా అని దసరా నుంచి కాపడం, వైప్స్ రెండూ మానేశారు. నేనేం ఆశ్చర్యపోలేదు. ఒకసారి గార తీయించుకుంటే జన్మంతా పళ్లు తోముకోనక్కర్లేదా? నాలుగు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చని మొదట్లోనే చెప్పాను, కానీ చెప్పిన తీరు సరిపోలేదేమో, ఆయనకి రెండుసార్లతో అయిపోతుందనే గుర్తుంది. కొందరు దీన్ని నయం చేసే చికిత్సలా అమ్ముతున్నారు, అది మోసం కాకపోయినా తొందరపాటు. నూనె పూర్తిగా ఎండిపోయిన గ్రంథులు మళ్లీ పుట్టవు. ఈయనకి కింది రెప్పల్లో ముక్కు వైపు భాగం అలా పోయింది, ఎన్నిసార్లు స్పాంజి తిప్పినా అక్కడి నుంచి చుక్క రాదు. నాలుగేళ్ల కిందట ఎవరైనా రెప్పలు చూసి ఉంటే కొన్నైనా మిగిలేవని నా అనుమానం.

ఎవరికి చేయను అంటే, కంటి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కానివాళ్లకి, కంటికురుపు పుండై ఉన్నవాళ్లకి, రెప్ప మీద అనుమానంగా గడ్డ ఉన్నవాళ్లకి ముందు ఆ పని చూడకుండా చేయను. శుక్లాల ఆపరేషన్‌కి ముందు మాత్రం రెప్పలు ఇలా ఉంటే శుభ్రం చేయించమనే అంటాను. ఆపరేషన్ తర్వాత లోపలికి ఇన్ఫెక్షన్ పాకితే, ఆ సూక్ష్మజీవులు ఎక్కువగా పేషెంటు సొంత రెప్పల మీదివే. కన్నీటి పొర చెదిరిపోతుంటే లోపల పెట్టే లెన్సు పవర్ కొలతలు కూడా తప్పుతాయి. గుమస్తా గారికి మరో మూడు నాలుగేళ్లలో ఆ ఆపరేషన్ ఎలాగూ వస్తుంది. ఇంకొక మాట, కాటుక. రెప్ప లోపలి అంచు మీద, సరిగ్గా గ్రంథుల మూతుల మీద రోజూ కాటుక దిద్దుకునే ఆడవాళ్ల రెప్పల్లో మూతులు నల్లగా పూడుకుపోయి ఉండటం నేను వారంలో రెండు మూడుసార్లు చూస్తాను. మానేయమంటే వినరు, కనీసం బయటి అంచుకి పెట్టుకోండి, రాత్రి తుడిచి పడుకోండి అంటాను.

డిసెంబరులో మూడోసారి శుభ్రం చేశాను. ఈసారి కుర్చీ చేతులు పట్టుకోలేదు, తుమ్ము మాత్రం ఒకసారి వచ్చింది. వైప్స్ రోజూ కాకుండా వారానికి మూడు రాత్రులకి తగ్గించాం, అదైనా నిలబెట్టుకుంటారని. కాపడం మాత్రం రోజూ అని పట్టుబట్టాను, టీవీ ముందు కూర్చుని మాస్క్ పెట్టుకుంటే వార్తలు వినొచ్చు కదా అన్నాను, ఈ రోజుల్లో వార్తలు చూడకపోతే నష్టమేం లేదులెండి అన్నారు. ఫిబ్రవరిలో యార్డు ఊపందుకుంటే ఆయన రారని నాకు తెలుసు, కాబట్టి సంక్రాంతికి రమ్మన్నాను. పండక్కి కాదు, కూతురూ అల్లుడూ ఉంటారు, కనుమ మర్నాడు వస్తానన్నారు. చీటీ మీద 17వ తేదీ అని రాసి, కింద, కిందికి చూసి పై రెప్ప ఫొటో తీయాలి అని నాకోసం రాసుకున్నాను.